తరుగు

పరకాల దాటినంక రోడ్డు పక్కన రేకుల రూము,
ముందట అరవై టన్నుల కాంటా.
రాత్రి పదింటి నుంచి తెల్లారే దాక
బండి బరువును సరుకు బరువును
ఇడదీసుడే నా కొలువు.

నిండు బండిల నుంచి ఉత్త బండిని తీసేస్తే
మిగిలిందే సరుకు.
చిట్టీ చింపిచ్చి తర్వాతోన్ని పిలుసుడు.

భూపాలపల్లి బొగ్గు పోతది.
చెల్పూరు గొట్టాల కింది బూడిద పోతది,
తడి పట్టా కప్పుకొని సిమెంటు కంపెనీలకు.
కరీంనగర్ గుట్టల గ్రానైటు రాళ్లు,
ఒక్కోటి అర్ర అంత,
గొలుసులేసిన ఏనుగుల లెక్క
కాకినాడ ఓడలకు పోతయి.
"చైనాల నున్నగ కోస్తరట," అంటడు డ్రైవర్ మొగిలి,
"ఇంకేదో దేశంల ఎవలో దాని మీద ఉల్లిగడ్డ తరుగుతరు.
గుంత మనకు, నునుపు వాళ్లకు."

పోయిన ఎండాకాలం ఒక పిలగాడు అచ్చిండు,
మెడల యూనివర్సిటీ కార్డు, చేతుల ట్యాబు.
రెండు రాత్రులు నా పక్క స్టూలు మీద కూసోని
బండ్లు లెక్కబెట్టిండు.
లీటరు డీజిలు మండితే
రెండున్నర కిలోలకు పైనే పొగ, అన్నడు.
నవ్విన.
లీటరు డీజిలు తూకమే కిలో రాదు తమ్మీ,
రెండున్నర ఏడికెళ్లి అచ్చె?
"గాలిని కలుపుకుంటదక్కా."
ఓహో,
పత్తి బోరెల మీద రాత్రి పూట నీళ్లు కొట్టినట్టు.
ఆ మోసం నాకు తెల్వందా?

అప్పటి సంది ఒక లెక్క నిద్ర పట్టనిస్తలేదు.
పది బండ్ల బొగ్గు లోపలికి పోతే
బూడిదై బయటికచ్చేది నాలుగు బండ్లు.
ఆరు బండ్లు ఏ కాంటా ఎక్కలే.
ఎనుమాముల మార్కెట్ల మా అవ్వ మిరపకాయలకు
తాలని, తేమని
క్వింటాలుకు మూడు కిలోల తరుగు తీసినోళ్లు
ఆ ఆరు బండ్లను అడుగనే లేదు.

మా వదిన సంగెం దిక్కు కొత్త ఫ్యాక్టరీల పని చేస్తది.
ఉత్త కాలర్లే కుడుతది, దినాం ఆరు వందలు.
నిండు అంగీ ఎట్లుంటదో చూడలే.
ఈ మధ్య కొనేటోళ్లు ఓ కాయితం అడుగుతున్నరట:
ఒక్కో అంగీకి ఎంత పొగ?
ఇదివరకు ఆ పొగ వాళ్ల ఊళ్లెనే ఉండె.
కూలి అగ్గువని ఇటు తోలిండ్రు,
ఇప్పుడు రశీదు అడుగుతున్నరు.

ఎవల ఖాతాల రాస్తరు, అని అడిగిన పిలగాన్ని.
"మండిన దేశం పేరు మీద, అక్కా."
"తొడుక్కున్న దేశం మీద కాదా?"
ట్యాబు దిక్కు చూసిండు.
అందుల ఆ గడి లేనట్టున్నది.

నేనేం సుద్దపూసను కాదు.
మా నాయిన తట్టాచెమ్మసు పట్టి ఎత్తిన బొగ్గుతోనే
డిగ్రీ చదివిన.
రాత్రి కరెంటుకు మోటరు పెట్టబోయి
మా చిన్నాయిన ఓదెలు పాము కరిసి సచ్చిండు.
ఆ గొట్టాలు లేచినంకనే మా పొలానికి పగటి కరెంటు.
నిరుడు కిస్తీల మీద ఏసీ కొన్న.
బయట నలభై అయిదు,
లోపట మా పాప పరీక్షకు చదువుకుంటాంది.
బందు చెయ్యమంటే చెయ్య.
ముందుగాల ఆ రాయి మీద ఉల్లిగడ్డ కోసేటోళ్లను అడుగు, అంట.
అన్నంక మల్ల
ఏసీ వెనక డబ్బా ఊదే కాక
పక్కింటి మల్లవ్వ కిటికీలకే పోతాందని యాదికస్తది.

"తలసరి రెండు టన్నులక్కా, ఏడాదికి,"
బండి స్టార్టు చేసుకుంట అన్నడు పిలగాడు.
ఎవల తల?
క్వారీ ఓనరుదా, మొగిలిదా,
ఒక్క బుగ్గ, ఒక్క ఫ్యాను మల్లవ్వదా?
తట్ట మోసి మోసి నడినెత్తిన ఎంటికలు రాలిన
మా నాయినదా?

మూడు గొట్టింది. బండ్లు లేని జాము.
దిగిపోయి కాంటా మీద నిలబడ్డ.
ఇనుము ఇంకా సల్లారలే,
చెప్పుల్ల నుంచి కాక.
అద్దం అవతల ఎర్ర అంకెలు: అరవై.
నిండు బరువు తెలిసింది.
ఉత్త బండి ఎంతుండేనో,
ఏం తీసేస్తే నేను మిగులుతనో
లెక్క తెగలే.

మలుపు కాడ లైట్లు పడ్డయి.
మొగిలి. వెనక మల్లొక గుట్ట ముక్క.
హారన్ కొట్టి తల బయటవెట్టిండు:
"జరుగక్కా, నీ తూకం తర్వాత."

జరిగిన.